యుద్ధానికెళ్ళి తిరిగిరాని తాతల ఆచూకీ: కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఉచిత రికార్డు సేవపై సమీక్ష

"ఆయన పటాలంలో చేరి బర్మా పోయాడు, మళ్ళీ రాలేదు." కోస్తా జిల్లాల్లో పాత కుటుంబాల్ని కదిపితే ఎక్కడో ఒకచోట ఈ మాట వస్తుంది. పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏ తేదీన పోయాడు, గుండు తగిలా జ్వరంతోనా, పాతిపెట్టారా దహనం చేశారా అని అడిగితే మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ జవాబులో సగమైనా ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా తెలుసుకునే దారి ఒకటుంది. అదే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులోని 'ఫైండ్ వార్ డెడ్' సేవ. పేరులో గ్రేవ్స్ అని ఉంది కదా, మన హిందువుల పేర్లు అందులో ఎందుకుంటాయని చాలామంది ఆ తలుపు తట్టనే తట్టరు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

ముందే తీర్పు చెప్పేస్తే, ఐదుకి నాలుగు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తెలుగు సిపాయి కోసం అయితే నాలుగున్నర. మొదటి యుద్ధానికి మూడు దాటి ఇవ్వలేం, కారణం కింద ఉంది.

ఈ కమిషన్ 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో పుట్టింది, 1960లో పేరు మారింది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలతో పాటు భారతదేశం కూడా ఇందులో సభ్యురాలు. రెండు యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది స్మృతిని నిలబెట్టే బాధ్యత దీనిది. అధికారి అయినా సిపాయి అయినా ఒకే కొలత రాయి, ప్రతి ఒక్కరికీ పేరు చెక్కడం దీని మూల సూత్రం. ఆచరణలో ఆ సూత్రం అందరికీ ఒకేలా అందలేదు.

వెతికే ముందు తేదీలు సరిచూసుకోండి, లేకపోతే రోజులు వృథా అవుతాయి. ఈ రికార్డుల్లోకి రావాలంటే మరణం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు గాని, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు గాని జరిగి ఉండాలి. సర్వీసులో ఉండగా పోతే కారణం ఏదైనా సరే. మలేరియా, విరేచనాలు, లారీ బోల్తా, అన్నీ లెక్కలోకి వస్తాయి. సిపాయిలే కాదు, పటాలంతో నడిచిన వంటవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, పాకీ పనివాళ్ళు కూడా ఉంటారు. పటాలం నుంచి బయటికొచ్చాక పోయినవాళ్ళ విషయంలో మాత్రం ఆ మరణం సర్వీసు వల్లే జరిగిందని తేలాలి. క్షేమంగా ఇంటికొచ్చి 1950లో కన్నుమూసిన తాత ఇందులో ఉండడు.

ఇక వెతకడం. నూటికి తొంభై మంది ఇక్కడే ఓడిపోయి 'మావాడి పేరు లేదు' అని వదిలేస్తారు. కారణం మన ఇంటిపేరు. సైటులో మొదటి గడి సర్‌నేమ్. మనం ఇంటిపేరు కొడతాం. పటాలంలో చేర్చుకున్న గుమాస్తా చాలాసార్లు ఇంటిపేరు రాసుకోలేదు. అప్పలస్వామి అంటే అప్పలస్వామే, ఆ ఒక్క మాటే సర్‌నేమ్ గడిలో కూర్చుంది. కాబట్టి సొంత పేరుని సర్‌నేమ్‌లో పెట్టి, ఫోర్‌నేమ్ గడి ఖాళీగా వదలండి.

తరవాతి చిక్కు ఇంగ్లీషు అక్షరాలది. అప్పలస్వామిలో 'పి' ఒకటా రెండా, చివర 'ఐ'నా 'వై'నా, స్వామి తమిళ పద్ధతిలో సామి అయిందా అన్న మూడు ప్రశ్నలకే ఒక పేరు ఎనిమిది రూపాలు ఎత్తుతుంది. సింహాచలంలో 'హెచ్' ఎగిరిపోవచ్చు. 'త' ఒకచోట 'టి'గా, ఇంకోచోట 'టి హెచ్'గా ఉంటుంది. రాముడు రాములు అవుతాడు. రామారావు ఒక మాటగానూ రెండు మాటలుగానూ ఉంటాడు. అందుకని పేరుతో మొదలుపెట్టకండి. ఊరితో మొదలుపెట్టండి.

అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో 'అడిషనల్ ఇన్ఫో' అనే గడి ఉంది. మనవాళ్ళకి ఈ సైటు మొత్తంలో అన్నిటికన్నా విలువైనది అదే. రికార్డు చివర 'ఫలానావారి కొడుకు, ఫలానామె భర్త, ఫలానా ఊరు, ఫలానా జిల్లా' అని ఒక వరస ఉంటుంది, ఆ వరసలోని మాటల్ని ఈ గడి వెతికి పెడుతుంది. సర్‌నేమ్ ఖాళీగా ఉంచి, ఏ దేశపు సేన అన్నచోట ఇండియన్, ఏ యుద్ధమో, అడిషనల్ ఇన్ఫోలో జిల్లా పేరు ఇవ్వండి. వచ్చిన జాబితాని షీటుగా దించుకుని ఊరి పేరు, తండ్రి పేరు కళ్ళతో చదవండి. ఒక సాయంత్రం పని. తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తే తొంభై శాతం మనవాడే. సొంత పేరు ఒక్కటే కలిసిందంటే ఇంకా ఏమీ తేలనట్టే. ఆ కాలంలో ఒక్క విశాఖ జిల్లాలోనే అప్పలస్వాములు ఎంతమందో లెక్క లేదు.

జిల్లా పేరు ఆనాటిది కొట్టాలి. విశాఖపట్నం అంటే వైజాగపటం, 'వి'తో మొదలై చివర 'ఎమ్'. శ్రీకాకుళం జిల్లా 1950 దాకా లేనే లేదు, ఆ ఊరు చికాకోల్, రెండో యుద్ధ కాలానికి అది వైజాగపటం జిల్లాలోది. మొదటి యుద్ధంలో అయితే అటువైపు ఊళ్ళు గంజాం కింద ఉంటాయి, 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే ఇటు వచ్చాయి. విజయనగరం జిల్లా 1979లో పుట్టింది, ప్రకాశం 1970లో. ఒంగోలు తాలూకావాళ్ళు గుంటూరులో, కందుకూరువాళ్ళు నెల్లూరులో దొరుకుతారు. కృష్ణాని కిస్ట్నా అని, ఏలూరుని ఎల్లోర్ అని, కాకినాడని కొకనాడ అని, బందరుని మసూలిపటం అని, విజయవాడని బెజవాడ అని, కడపని కడ్డప అని కొట్టి చూడండి. పశ్చిమ గోదావరి 1925లో విడిపోయింది కాబట్టి మొదటి యుద్ధపు ఏలూరువాడు కిస్ట్నాలో ఉంటాడు. తెలంగాణవాళ్ళు హైదరాబాద్ అని, డెక్కన్ అని రెండు విధాలా చూడాలి.

పటాలం పేరు తెలిస్తే వల ఇంకా బిగుస్తుంది. తెలుగువాళ్ళు ఎక్కువగా కనిపించేవి మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్, మద్రాస్ రెజిమెంట్, రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఇండియన్ పయొనీర్ కోర్. మద్రాస్ రెజిమెంటుని 1920ల్లో రద్దు చేసి, 1941లో మళ్ళీ లేపారు. మొదటి యుద్ధానికైతే 61వ పయొనీర్స్, 63వ పాలంకోట, ఇంకా కర్నాటిక్ ఇన్‌ఫంట్రీ దళాలు చూడాలి. ఒక హెచ్చరిక: '19వ హైదరాబాద్ రెజిమెంట్' అని కనపడగానే మన హైదరాబాదువాళ్ళే అనుకుని ఆ వేలాది పేర్లలో దిగకండి. ఆ పటాలంలో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ, 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సేనలు వేరు, అవి హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ పేరుతో, ఇండియన్ స్టేట్ ఫోర్సెస్ కింద ఉంటాయి.

సర్వీసు నంబరు ఒక్కటి దొరికితే ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. దానికి ముందు ఇంట్లో వెతకాలి. అటక మీద డబ్బాలో పతకాలుంటే వాటి అంచు మీద కళ్ళు పెట్టి చూడండి. మొదటి యుద్ధపు పతకాల అంచున నంబరు, హోదా, పేరు, దళం అచ్చుకొట్టి ఉంటాయి. రెండో యుద్ధపు పతకాలు బ్రిటిష్ సిపాయిలకి పేరు లేకుండా ఇచ్చారు గాని భారతీయ సేనలకి పేరుతోనే ఇచ్చారు. నక్షత్రం ఆకారంలో ఉన్నదైతే వెనకవైపు తిప్పి చూడండి. చింతపండు పెట్టి తోమకండి, అచ్చు అరిగిపోతుంది. పక్కనుంచి టార్చి వేస్తే అక్షరాలు లేచి కనపడతాయి. కొన్ని ఇళ్ళలో అరచేయంత, సుమారు 12 సెంటీమీటర్ల కంచు బిళ్ళ ఉంటుంది, పెద్ద నాణెం అనుకుంటారు. అది మొదటి యుద్ధంలో చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చిన స్మారక ఫలకం. దాని మీద పేరు ఉంటుంది, హోదా, పటాలం ఉండవు. అది ఇంట్లో ఉందంటే మాత్రం మరణం అధికారికంగా నమోదైనట్టే. ఊరి రచ్చబండ దగ్గరో, పాత కచేరీ గోడకో 'ఈ ఊరినుంచి యుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు' అన్న పాలరాతి పలక ఉంటే ఫొటో తీసి ఉంచండి. అందులో పేర్లుండవు, అంకెలే. అయినా మీ జాబితాలో ఎంతమంది రావాలో ఆ అంకె చెబుతుంది.

రికార్డు దొరికింది. ఇప్పుడు దాన్ని చదవడం రావాలి. మరణ తేదీ, వయసు, హోదా, దళం తేలికే. అసలు సంగతి 'బరీడ్ ఆర్ కమెమొరేటెడ్ ఎట్' అన్నచోట ఉంది. అక్కడ సిమెట్రీ అని ఉండి, పక్కన '5. సి. 12' లాంటి గుర్తు ఉంటే సమాధి ఉన్నట్టు. అయిదో ప్లాటు, సి వరస, పన్నెండో రాయి. 'స్పెషల్ మెమోరియల్' అని ఉంటే ఆ శ్మశానంలోనే ఎక్కడో ఉన్నాడని తెలుసు, ఏ గుంటో తెలియదని అర్థం. మెమోరియల్ అని ఉండి ఫేస్, కాలమ్, ప్యానెల్ అన్న అంకె ఉంటే ఆయనకి తెలిసిన సమాధి లేదు, గోడ మీదో స్తంభం మీదో పేరు మాత్రమే ఉంది. యాంగోన్‌కి ఉత్తరాన ఉన్న తౌక్యాన్ యుద్ధ శ్మశానంలోని రంగూన్ మెమోరియల్ అలాంటిదే, అక్కడ దాదాపు 27,000 పేర్లు చెక్కి ఉన్నాయి. బర్మాలో పోయిన తెలుగువాడి పేరు ముందుగా చూడాల్సిన చోటు అది. మలయాలో పోయినవాళ్ళకి సింగపూర్ క్రాంజీలోని మెమోరియల్, అక్కడ 24,000కి పైగా పేర్లున్నాయి.

మూడోది క్రిమేషన్ మెమోరియల్. దీన్ని సమాధి లేకపోవడంతో కలిపి చూడకండి, రెంటికీ చాలా తేడా. క్రిమేషన్ మెమోరియల్ మీద పేరుందంటే దేహం దొరికింది, ఆయన మతాచారం ప్రకారం దహనం చేశారు. దిక్కులేని చావు కాదు. తోటివాళ్ళు చితి పేర్చారు. కోహిమాలో ఇలాంటి స్మారకం మీద 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లున్నాయి, ఇంఫాల్‌లో 868. తౌక్యాన్‌లోనూ సింగపూర్‌లోనూ ఉన్నాయి. ఇటలీలో సాంగ్రో నది ఒడ్డున ఒకటుంది, దాని మీద 500 పైచిలుకు పేర్లున్నాయి. ముత్తాతకి అంత్యక్రియలు జరిగాయో లేదో అని మూడు తరాలుగా మథనపడిన ఇంటికి ఈ ఒక్క మాట తేడా ఎంత పెద్దదో చెప్పలేం. సైటు మాత్రం ఆ తేడాని ఎక్కడా విడమరిచి చెప్పదు. ఇది దాని పెద్ద లోపాల్లో ఒకటి.

'ఢిల్లీ/కరాచీ 1939-1945 వార్ మెమోరియల్స్' అని వస్తే కంగారుపడకండి. యుద్ధరంగానికి దూరంగా పోయిన 25,000 మందికి పైగా ఉన్న పట్టిక అది. రాతి మీద కాదు, గౌరవ పుస్తకంలో పేర్లు రాసి ఉంచారు, ఒకటి ఢిల్లీ యుద్ధ శ్మశానంలో, రెండోది కరాచీలో. బర్మా పోయాడని ఇంట్లో చెప్పుకునే మనిషి నిజానికి దేశంలోనే ఏదో ఆస్పత్రిలో పోయి ఉండొచ్చు. ఇంటి కథకీ రికార్డుకీ పొంతన కుదరకపోవడానికి ఇది తరచు కనిపించే కారణం.

తేదీ విషయంలో ఒక మాట. ఆచూకీ తెలియనివాళ్ళకి మనవాళ్ళు మహాలయ అమావాస్య నాడు, తెలంగాణలో పెత్రమాస నాడు పెట్టుకుంటూ వచ్చారు. రికార్డులో తేదీ దొరికితే ఆ ఏటి పంచాంగం తీయించి మాసం, పక్షం, తిథి కట్టించుకోవచ్చు, పురోహితులు నిమిషాల్లో చెప్పేస్తారు. అయితే ఆ తేదీ ఎంత నమ్మదగిందో ముందు చూడండి. విడి మనిషికి విడి తేదీ ఉంటే ఇబ్బంది లేదు. ఒకే దళంలో వందల మందికి 1942 ఫిబ్రవరి 15 అని ఉందనుకోండి, అది సింగపూర్ లొంగిపోయిన రోజు, కనపడకుండా పోయినవాళ్ళందరికీ కలిపి వేసిన తేదీ కావచ్చు. జపాన్‌వాళ్ళు ఖైదీలుగా న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకి ఓడల్లో తోలుకుపోయినవారిలోనూ తేదీలు కొన్ని అంచనావే. 'ఈ తేదీకీ ఆ తేదీకీ మధ్య' అని ఉంటే తిథి కట్టించి లాభం లేదు, అమావాస్యే మేలు. క్రైస్తవ కుటుంబాలకి ఈ చిక్కు లేదు, పైగా వాళ్ళకి సమాధి రాయి, దాని మీద సిలువ దొరికే అవకాశం ఎక్కువ.

పేజీ కిందకి వెళ్తే స్కాన్ చేసిన పాత కాగితాలుంటాయి. సమాధుల నమోదు పత్రం, రాతి మీద ఏం చెక్కాలో రాసిన పట్టిక, దేహాన్ని ఒక చోటునుంచి ఇంకో చోటుకి మార్చి ఉంటే ఆ నివేదిక. చాలామంది పై పేజీలోని సర్టిఫికెట్టు దించుకుని మురిసిపోయి ఆగిపోతారు. సర్టిఫికెట్టు గోడకి పెట్టుకోవడానికి బాగుంటుంది గాని అందులో కొత్త సంగతి ఒక్కటీ ఉండదు. ఈ కాగితాల్లోనే ఉంటుంది. పేరు మొదట ఎలా రాశారో, ఎర్ర సిరాతో ఎలా దిద్దారో, మొదట ఏ ఆస్పత్రి పక్కన పాతిపెట్టారో వీటిలో కనపడుతుంది. డేటాబేసులో తప్పు పడిన పేరు ఈ కాగితంలో సరిగ్గా ఉండటం అరుదేమీ కాదు. ఇవి కూడా ఉచితమే. ఇదే సమాచారాన్ని దించి పెట్టి డబ్బడిగే వంశవృక్షం సైట్లున్నాయి, వాటికి ఒక్క రూపాయీ కట్టనక్కర్లేదు.

ఇప్పుడు మొదటి యుద్ధానికి మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పాలి. మెసొపొటేమియాలో, అంటే ఇవాళ్టి ఇరాక్‌లో, పోయినవారి కోసం కట్టిన బస్రా మెమోరియల్ 40,000 మందికి పైగా గుర్తుగా నిలిచింది. బ్రిటిష్ సిపాయిల పేర్లు ఒక్కొక్కటీ చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలకి మాత్రం పటాలం పేరు, దాని కింద ఎంతమందో ఒక అంకె వేశారు. పేర్లు కాగితాల పట్టికలోనే ఉండిపోయాయి. 2021 ఏప్రిల్‌లో కమిషన్ తనే ఒక నివేదిక వేసి దీన్ని ఒప్పుకుంది, క్షమాపణ చెప్పింది. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తింపే దక్కలేదని, ఇంకో 45,000 నుంచి 54,000 మందికి సమాన గౌరవం అందలేదని ఆ నివేదిక తేల్చింది. వీళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా, ఈజిప్టు, పశ్చిమాసియా రంగాల్లో పోయిన ఆఫ్రికన్లు, ఆసియావాళ్ళు. సిపాయిలకన్నా మూటలు మోసినవాళ్ళకీ, రోడ్లు వేసిన కూలి దళాలకీ అన్యాయం ఎక్కువ జరిగింది. కాబట్టి మొదటి యుద్ధంలో లేబర్ కోర్, పోర్టర్ కోర్‌లలో వెళ్ళినవాడి పేరు దొరకకపోతే ఇంటి మాట అబద్ధమని తీర్మానించకండి. రాసుకోవలసినవాళ్ళు రాసుకోలేదు. బాధ కలిగించే విషయమే, కానీ వెతికేవాళ్ళు ఇది తెలిసే వెతకాలి. బస్రా స్మారకం కూడా మొదట కట్టినచోట లేదు, 1997లో సద్దాం హుస్సేన్ ఆజ్ఞతో నగరానికి సుమారు 32 కిలోమీటర్ల దూరానికి తరలించారు. ఇండియా గేట్ మీద ఉన్న 13,000 పైచిలుకు పేర్లు కూడా ఈ డేటాబేసులో ఢిల్లీ మెమోరియల్ పేరుతో ఉన్నాయి. అవి ప్రధానంగా వాయవ్య సరిహద్దులో, 1919 అఫ్గాన్ యుద్ధంలో పోయినవారివి.

అసలు ఈ సేవ ముట్టుకోని మరణాలు ఇంకో రెండున్నాయి, తెలుగువాళ్ళకి అవీ ముఖ్యమే. 1942లో జపాన్ దాడికి రంగూన్ వదిలి కాలినడకన అడవులు దాటుతూ పోయిన మన కూలీలు, వర్తకులు సైనికులు కారు. జపాన్‌వాళ్ళు వేయించిన సయాం (థాయిలాండ్)-బర్మా రైలుమార్గం మీద పనికి తోలుకుపోయిన మలయా తోటల తమిళ, తెలుగు కూలీలూ కారు. ఆ మార్గంలో పోయిన యుద్ధఖైదీలకి కాంచనబురిలో, తన్‌బ్యుజయాట్‌లో పేరు పేరునా రాళ్ళున్నాయి. వాళ్ళకి ఎన్నో రెట్లు పోయిన కూలీలకి లేవు. మీ మనిషి పౌరుడైతే ఈ డేటాబేసులో నెలల తరబడి గడపకండి.

సమాధి ఫొటో కావాలంటే కమిషన్ దాన్ని ఇవ్వదు, శ్మశానం మొత్తం ఫొటోలు మాత్రం ఉంటాయి. విడి రాళ్ళ ఫొటోల కోసం ద వార్ గ్రేవ్స్ ఫొటోగ్రాఫిక్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, స్మారకాల మీద పేర్లకీ వాళ్ళ దగ్గర ఫొటోలుంటాయి, చిన్న విరాళానికి పంపుతారు. ఫైండ్ ఎ గ్రేవ్ అనే సైటులో కూడా చూడండి.

మరణానికి ముందు ఏం జరిగిందో తెలియాలంటే కమిషన్ దాటి వెళ్ళాలి. దళం పేరు, తేదీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ దళపు వార్ డైరీ, అంటే దళం రోజువారీగా రాసుకున్న నమోదు పుస్తకం, వెతకండి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో మొదటి యుద్ధానివి డబ్ల్యూవో 95 అనే ఫైళ్ళ వరస కింద, రెండో యుద్ధంలో బర్మా రంగానివి డబ్ల్యూవో 172 కింద, ఇటలీవి 170 కింద ఉన్నాయి. సిపాయి పేరు డైరీలో ఉంటుందని ఆశపెట్టుకోకండి. అధికారుల పేర్లే రాస్తారు, సిపాయిలు అంకెలు. కానీ ఆ రోజు ఆ దళం ఏ వాగు మీద వంతెన వేస్తోందో, ఏ కొండ కింద గుళ్ళవానలో చిక్కిందో అందులో ఉంటుంది.

ఇక్కడ మన దేశంలో రికార్డు ఆఫీసులున్నాయి. మద్రాస్ శాపర్స్‌కి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, మద్రాస్ రెజిమెంటుకి నీలగిరుల్లోని వెల్లింగ్టన్, పయొనీర్ కోర్‌కి బెంగళూరు, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి) కోర్‌కి సికింద్రాబాద్. పేరొక్కటే రాసి పంపితే జవాబు రాదు. సర్వీసు నంబరు, హోదా, మరణ తేదీ, కమిషన్ పేజీ ప్రింటు జతచేసి పంపండి. పింఛను లేని సిపాయిల విడి ఫైళ్ళు నిర్ణీత గడువు దాటాక నాశనం చేస్తారు. అందుకని 'సర్వీసు రికార్డు' అని అడిగితే లేదనే వస్తుంది. 'లాంగ్ రోల్'లో ఎంట్రీ అడగండి, ఆ పుస్తకాన్ని శాశ్వతంగా ఉంచుతారు. అందులో తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, సర్వీసు ఎలా ముగిసిందో ఒక వరసలో ఉంటుంది. మామూలు ఉత్తరానికి కదలిక లేకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. అది భారత పౌరులకే. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళు తమ పేరుతో పెట్టకుండా ఇక్కడున్న బంధువు చేత పెట్టించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒకసారి అడిగి చూడటంలో నష్టం లేదు, వితంతు పింఛను ఎవరికైనా వచ్చి ఉంటే అక్కడ దారి దొరకొచ్చు.

పేరు తప్పు పడితే దిద్దించవచ్చు. కమిషన్‌కి ఎంక్వైరీ రూపంలో రాయాలి, ఆధారం ఆనాటి కాగితం అయి ఉండాలి. పింఛను పత్రం, పతకం అంచు ఫొటో, పటాలం నుంచి వచ్చిన ఉత్తరం చెల్లుతాయి. ఇప్పుడు తీసిన వంశవృక్షం, నోటరీ అఫిడవిట్ చెల్లవు. పేరే లేని మనిషిని చేర్పించాలంటే సర్వీసుకీ మరణానికీ రెంటికీ రుజువు కావాలి, దాన్ని ఆయా దేశపు రక్షణ అధికారులు పరిశీలించి ఒప్పుకోవాలి. నెలలు కాదు, ఏళ్ళు పట్టే పని. అయినా పెట్టండి. ఆ 2021 నివేదిక తరవాత ఇలాంటి దరఖాస్తుల విలువ పెరిగింది.

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళకి క్రాంజీ అన్నిటికన్నా తేలిక, మెట్రో రైలు దిగి అక్కడికి చేరొచ్చు. కోహిమా, ఇంఫాల్‌లకి మనదేశం వాళ్ళకైనా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, మణిపూర్‌కి అది 2020 జనవరి నుంచి వచ్చింది. తౌక్యాన్‌కి బయల్దేరే ముందు మయన్మార్ పరిస్థితి మీద విదేశాంగ శాఖ సలహా చదివి నిర్ణయించుకోండి. ఎక్కడికి వెళ్ళినా ఫేస్ లేదా కాలమ్ అంకె కాగితం మీద రాసుకుని పోండి, 27,000 పేర్ల మధ్య అది లేకుండా వెతకలేరు. పేర్లు పటాలాల వారీగా, వాటి లోపల హోదా వారీగా ఉంటాయి, ఊరు వారీగా ఉండవు. పొద్దున్నే ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు స్పష్టంగా వస్తాయి. రాతికి పసుపు, కుంకుమ, సుద్ద పూయకండి. ఆ రాయి పీల్చుకుంటుంది, మరక పోదు, పక్కనున్న పేరు ఇంకో ఇంటివాళ్ళది. పూలు కింద పెట్టొచ్చు.